కృష్ణా రామా అనుకుంటూ కూర్చోవాలా?



మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళతో తరచూ అనే మాట ఒకటుంది. నాన్న స్టూలెక్కి బూజు దులపబోతే అంటాం. అమ్మ మిట్టమధ్యాహ్నం మేడమీద వడియాలు పెడుతుంటే అంటాం. డెబ్భై ఏళ్ళాయన కొత్తగా కంప్యూటరు నేర్చుకుంటానంటే నవ్వుతూ అంటాం. “ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ? హాయిగా కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక!” ఈ మాట అనేవాళ్ళకు దురుద్దేశం ఏమీ ఉండదు. పడిపోతారేమో, అలిసిపోతారేమో అన్న భయంతో, ప్రేమతోనే అంటారు. అయినా అందులో ఒక తీర్పు ఉంది. మీ వంతు అయిపోయింది, ఇక పక్కకు జరగండి అని. ఆ తీర్పు సబబేనా, దానివల్ల ఇంట్లో ఎవరికి ఏం నష్టం జరుగుతోంది అన్నది ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు కాస్త లెక్క చూద్దాం. మన దేశంలో అరవై నిండిన మనిషి ఆ తర్వాత సగటున ఇంకో 18 ఏళ్ళు బతుకుతున్నారు. ఆడవాళ్ళయితే ఇంకొంచెం ఎక్కువ. అంటే షష్టిపూర్తి నాడు ఒళ్ళో పడుకోబెట్టుకున్న మనవరాలు ఓటేసే వయసుకు వచ్చేదాకా అన్నమాట. ప్రభుత్వోద్యోగులు ఆంధ్రప్రదేశ్‌లో 62వ ఏట, తెలంగాణలో 61వ ఏట రిటైరవుతున్నారు. ఆ తర్వాత మిగిలేది నాలుగు రోజుల ముచ్చటేం కాదు. అన్నేళ్ళపాటు ఒకే మూల కూర్చుని పిలుస్తుంటే కృష్ణుడికీ రాముడికీ కూడా విసుగొస్తుంది.

ఇది ఒకరిద్దరి సంగతి కూడా కాదు. 2011 జనాభా లెక్కల్లో అరవై దాటినవాళ్ళు 10 కోట్ల 38 లక్షల మంది. 2022 నాటికి వాళ్ళు 14 కోట్ల 90 లక్షలయ్యారనీ, 2050 నాటికి 34 కోట్ల 70 లక్షలు అవుతారనీ ఐక్యరాజ్య సమితి జనాభా నిధి అంచనా. అప్పటికి దేశంలో ప్రతి ఐదుగురిలో ఒకరు పెద్దవాళ్ళే. దక్షిణాదిన కుటుంబ నియంత్రణ ముందే ఇంటింటికీ చేరింది కాబట్టి ఈ మార్పు కూడా ఇక్కడికే ముందొస్తోంది. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంలో రాసుకున్నాం. అదే నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఎత్తేసింది. పిల్లలెక్కువని బెంగపడిన తరమే పిల్లలు తక్కువైపోతున్నారని బెంగపడే రోజు చూస్తోంది.

ఇంతమంది పెద్దవాళ్ళు ఎలా బతకాలన్న ప్రశ్న మన ఒక్కరిదే కాదు. 2002లో స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌లో వృద్ధాప్యం మీద ప్రపంచ దేశాల మహాసభ జరిగింది. అక్కడ ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘చురుకైన వృద్ధాప్యం’ అనే ఆలోచనను ముందుంచింది. దానికి మూడు ఆధారాలు చెప్పింది: ఆరోగ్యం, భాగస్వామ్యం, భద్రత. మనం మొదటిదాని గురించి చాలా మాట్లాడతాం. బీపీ, షుగరు, మోకాళ్ళ నొప్పులు. మూడోదాని గురించీ మాట్లాడతాం. పింఛను, బ్యాంకు డిపాజిట్టు, సొంతిల్లు. మధ్యలో ఉన్న భాగస్వామ్యం దగ్గరికొచ్చేసరికి మనకు మాట రాదు. ఇంట్లో, వీధిలో, ఊళ్ళో జరిగే పనుల్లో పెద్దవాళ్ళకు ఒక వాటా ఉండాలి. వాటా అంటే ఆస్తిలో వాటా అనుకునేరు. నేను చెప్పేది పనిలో వాటా, నిర్ణయంలో వాటా. మిగతా రెండూ ఎంత బాగున్నా ఇది లేకపోతే మనిషి లోపల ఖాళీ అయిపోతాడు. ఐరోపా సమాఖ్య 2012వ సంవత్సరానికి పేరు పెట్టినప్పుడు చురుకైన వృద్ధాప్యాన్నీ తరాల మధ్య సంఘీభావాన్నీ ఒకే పేరులో కలిపింది. పక్క తరాలతో ఇచ్చిపుచ్చుకోవడం లేకుండా ఒక్కడే కూర్చుని చురుగ్గా ఉండటం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టే ఆ రెండూ కలిశాయి.

ఈ వాటా ఎలా జారిపోతుందో మన ఇంట్లోనే చూడొచ్చు. పదేళ్ళ కిందట రిటైరైన ఒక పెద్దాయన నెల ఎలా గడిచేదో గుర్తు చేసుకోండి. ఒకటో తారీకు తర్వాత పాస్‌బుక్కు సంచీలో పెట్టుకుని బ్యాంకుకు వెళ్ళేవారు. లైన్లో నిలబడితే పాత సహోద్యోగి కనిపించేవాడు. కరెంటు బిల్లు కట్టడానికి ఇంకో రోజు, గ్యాసు బుక్ చేయడానికి మరో పూట, ఇంటిపన్నుకు మునిసిపల్ ఆఫీసుకు ఒకసారి. దారిలో టీ కొట్టు, పేపరు, నలుగురితో రాజకీయాలు. ఇప్పుడు కొడుకు ఆఫీసులో కూర్చునే ఫోన్లో వేలితో నొక్కి అన్నీ కట్టేస్తున్నాడు. “మీకెందుకు నాన్నా ఎండలో ఈ తిరుగుడు? నేను చూసుకుంటాగా.” కొడుకుది మంచి మనసే. నాన్నకు శ్రమ తప్పింది. దాంతోపాటు నాలుగు నడకలు తప్పాయి, పదిమందితో పలకరింపులు తప్పాయి, ఇంటికి తాను చేసే పనీ తప్పింది. ఆ బిల్లుల పుణ్యాన ఆయన ఊళ్ళో మనిషిగా ఉండేవారు. ఇప్పుడు ఇంట్లో మనిషి అయిపోయారు. కొన్నాళ్ళకు గదిలో మనిషి అవుతారు.

వంటింట్లోనూ ఇంతే. “మీరు కూర్చోండి అత్తయ్యా, నేను చేసేస్తా” అని కోడలు అంటుంది. గౌరవంగానే అంటుంది. కానీ నలభై ఏళ్ళు గరిటె తిప్పిన చేతికి ఆ పూటనుంచి చిక్కుడుకాయలు ఒలవడం తప్ప పని ఉండదు. పప్పులో ఉప్పు సరిపోయిందా అని కూడా ఆవిణ్ణి అడగరు.

దీనికి మందు పాతకాలానికి పోవడం కాదు. ఫోను రాకుండా ఆపలేం, ఆపక్కర్లేదు కూడా. ఆ ఫోనులో బిల్లు కట్టడం పెద్దాయనకు నేర్పి, ఇంటి బిల్లుల పని మళ్ళీ ఆయన చేతికే ఇవ్వాలి. ఇక్కడే మన పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది. అమ్మమ్మ ఏదో అడుగుతుంది. మనవడు “ఇలా ఇవ్వు” అని ఫోను లాక్కుని, టకటకా నాలుగు నొక్కులు నొక్కి, “అయిపోయింది తీసుకో” అంటాడు. పని అయింది గానీ చదువు కాలేదు. రేపు మళ్ళీ అదే అడగాలి. రెండోసారి అడగడానికి మొహమాటం, మూడోసారి అభిమానం. ఫోను అమ్మమ్మ చేతిలోనే ఉండాలి. నొక్కే వేలు ఆవిడదే కావాలి. పక్కన కూర్చున్న మనవడు చేతులు కట్టుకుని నోటితోనే చెప్పాలి. కావాలంటే ఒక నోటుపుస్తకంలో పెద్దక్షరాలతో వరస రాసిపెట్టాలి: ముందు ఇది, తర్వాత ఇది. పక్క పేజీలో జాగ్రత్తలు రాయాలి. ఓటీపీ ఎవరడిగినా చెప్పొద్దు. వీడియో కాల్లో పోలీసు డ్రెస్సు వేసుకుని ‘డిజిటల్ అరెస్టు’ అని బెదిరిస్తే నమ్మొద్దు, చట్టంలో అలాంటి అరెస్టే లేదు. మోసపోయామనిపిస్తే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోన్ చెయ్యాలి. ఇంతమాత్రం ఒక ఆదివారం పూట నేర్పగలిగితే మనవడు బడిలో నేర్చుకున్నదాని కంటే ఎక్కువ ఓర్పు నేర్చుకుంటాడు.

పెద్దవాళ్ళ దగ్గరున్నదీ చిన్నవాళ్ళ దగ్గరున్నదీ కలిస్తే ఏమవుతుందో మన నేలమీదే ప్రపంచం చూసింది. తెనాలి దగ్గర గుడివాడ అనే పల్లెలో మస్తానమ్మ అనే అవ్వ ఉండేది. నూరేళ్ళు దాటిన మనిషి. 2016లో ఆవిడ మునిమనవడు ఒక స్నేహితుడితో కలిసి ఆవిడ వంటను వీడియో తీసి యూట్యూబులో పెట్టాడు. పొలంలో మూడు రాళ్ళ పొయ్యి, కట్టెల మంట, గోళ్ళతోనే అల్లం పొట్టు గీకేసే ఆవిడ చేతులు. అంతే, వేరే హంగు లేదు. ‘కంట్రీ ఫుడ్స్’ అనే ఆ ఛానెల్‌కు పది లక్షల మందికి పైగా చందాదారులయ్యారు. 2018 డిసెంబరులో కన్నుమూసేనాటికి ఆవిడ పేరు దేశదేశాల్లో తెలుసు. ఇక్కడ కుర్రవాళ్ళేమీ అవ్వను ఉద్ధరించలేదు. వాళ్ళకు కెమెరా తెలుసు, వంట తెలియదు. ఆవిడకు వంట తెలుసు, కెమెరా తెలియదు. ఎవరి సగం వాళ్ళు తెచ్చారు.

జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో మిల్కూరి గంగవ్వ కథా ఇలాంటిదే. చదువుకోని, కూలి పనులు చేసుకుని బతికిన మనిషి. 2012లో ఊరి యువకులు మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’లోకి వచ్చి, తన ఊరి యాసతో, తన గడుసు మాటతో తెలుగువాళ్ళందరికీ తెలిసిన మనిషైంది. ఆవిడ కోసం ఎవరూ భాష మార్చలేదు. ఆ భాష కోసమే ఆవిణ్ణి పిలిచారు.

ఇక చదువుకున్నవాళ్ళ సంగతి తీసుకుంటే ఆచార్య చిలుకూరి శాంతమ్మ గారున్నారు. 1929లో పుట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించి 1989లో రిటైరయ్యారు. తొంభై దాటాక కూడా, మోకాళ్ళకు శస్త్రచికిత్సలయ్యాక చేతికర్రల సాయంతో, విశాఖపట్నం నుంచి విజయనగరంలోని విశ్వవిద్యాలయానికి వెళ్ళి పాఠాలు చెప్పారు. ఆ క్లాసులో కూర్చున్నవాళ్ళు ఆవిడకు మనవలు, మునిమనవల వయసువాళ్ళు. అందరూ శాంతమ్మ గారు కాలేరు, కానక్కర్లేదు. కానీ మీ ఊరి బడిలో లెక్కల్లో వెనకబడిన ఐదో తరగతి పిల్లలున్నారు. అదే వీధిలో రిటైరైన లెక్కల మాస్టారు ఉన్నారు. ఇద్దరి మధ్య ఉన్నది పది ఇళ్ళ దూరం. ఆ పది ఇళ్ళూ దాటించే మనిషి లేకే రెండు వైపులా నష్టపోతున్నాం.

ఇప్పుడు కొంచెం దూరం పోదాం. ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశం. అక్కడ మానసిక వైద్యులు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. దిగులుతో, బతుకుమీద విరక్తితో క్లినిక్కులకొచ్చే జనమేమో వేలల్లో. 2006లో డిక్సన్ చిబాండా అనే వైద్యుడు రాజధాని హరారేలోని ఎంబారే అనే పేదల బస్తీలో 14 మంది అమ్మమ్మలను కూడగట్టాడు. వాళ్ళు డాక్టర్లు కారు. ఊళ్ళో ఆరోగ్య కార్యకర్తలుగా తిరిగే ముసలమ్మలు. వాళ్ళకు కొంత శిక్షణ ఇచ్చారు. క్లినిక్ ఆవరణలో చెట్టుకింద ఒక చెక్క బెంచీ వేశారు. దిగులుపడ్డ మనిషి వచ్చి ఆ బెంచీమీద అమ్మమ్మ పక్కన కూర్చుంటాడు. ఆవిడ వింటుంది. ఉన్న కష్టాల్లో ముందు ఏది విప్పుదాం అని అడుగుతుంది. దానికొక దారి అతనిచేతే చెప్పిస్తుంది. మళ్ళీ వారం రమ్మంటుంది. దీన్ని పకడ్బందీగా పరీక్షించి 2016లో అమెరికన్ వైద్య పత్రిక జామాలో ప్రచురించారు. 573 మందిని రెండు గుంపులు చేశారు. ఆరునెలల తర్వాత, మామూలు వైద్యం పొందినవాళ్ళలో సగం మందికి కుంగుబాటు లక్షణాలు మిగిలే ఉన్నాయి. అమ్మమ్మల బెంచీమీద కూర్చున్నవాళ్ళలో ఆ లక్షణాలు మిగిలినవాళ్ళు నూటికి 14 మందే. ఊరి మధ్య రచ్చబండ ఉన్న జాతికి ఈ సంగతి విడమర్చి చెప్పాలా? మన దగ్గర బెంచీలకు కొదవలేదు, అమ్మమ్మలకూ కొదవలేదు. పరీక్ష తప్పిన కుర్రాడు ఇంట్లో నోరు విప్పలేక గదిలో తలుపేసుకుంటున్నాడు. వాడి మాట తొందరపడకుండా, తిట్టకుండా వినే తీరిక ఇంట్లో ఎవరికుంది? అమ్మానాన్నలకు లేదు. తాతయ్యకుంది. కాకపోతే ఆయన కూడా ఆ జింబాబ్వే అమ్మమ్మల్లాగా ముందు వినడం నేర్చుకోవాలి.

నెదర్లాండ్స్‌లో డెవెంటర్ అనే ఊరి వృద్ధాశ్రమంలో ఇంకో పద్ధతి పెట్టారు. కాలేజీ విద్యార్థులకు అక్కడ గది ఉచితం. అద్దెకు బదులు నెలకు 30 గంటలు పెద్దవాళ్ళతో మంచి పొరుగువాళ్ళలా మెలగాలి. కబుర్లు చెప్పాలి, పుట్టినరోజులు చెయ్యాలి, కంప్యూటరు చూపించాలి. మన హైదరాబాదు సంగతి ఆలోచించండి. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళల్లో ఒక్కో గదిలో నలుగురైదుగురు పిల్లలు. కాస్త దూరంలో, పిల్లలు విదేశాల్లో స్థిరపడి, మూడు పడకగదుల ఇంట్లో ఇద్దరే మిగిలిన దంపతులు. పూచీ చూసుకుని, ఆధార్ చూసుకుని, రాతకోతలు చేసుకుని ఒక గది ఒక పిల్లకో పిల్లాడికో ఇస్తే రాత్రి పన్నెండింటికి గుండెల్లో మంటొచ్చినప్పుడు తలుపు తట్టడానికి ఒక మనిషి ఉంటుంది. ఆ పిల్లకూ పరీక్షరోజు పొద్దున్నే పెరుగన్నం పెట్టి పంపే మనిషి ఉంటుంది.

విదేశాల మాట వచ్చింది కాబట్టి మన తెలుగువాళ్ళకే బాగా తెలిసిన ఒక ప్రయాణం గురించి చెప్పుకోవాలి. కూతురి పురిటికో, కోడలి పురిటికో అమెరికా వెళ్ళే ప్రయాణం. సూట్‌కేసులు తూకం వేయడం, ఆవకాయ సీసాకు నాలుగు పొరల ప్లాస్టిక్ చుట్టడం, బాలింతకు కావలసిన వాము, శొంఠి, వెల్లుల్లి కారం సర్దడం. సందర్శకుల వీసామీద మామూలుగా ఉండనిచ్చేది ఆరు నెలలు. అందుకని చాలా ఇళ్ళల్లో వంతులుంటాయి. మొదటి ఆరు నెలలు అమ్మాయివాళ్ళ అమ్మానాన్నలు, ఆ తర్వాత అబ్బాయివాళ్ళ అమ్మానాన్నలు. ఒక్కోసారి అమ్మ డల్లాస్‌లో పసిబిడ్డకు నలుగు పెడుతుంటుంది, నాన్న ఊళ్ళో ఒక్కడే కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటుంటాడు. ఇంత పనినీ ఏ దేశపు ఆదాయ లెక్కల్లోనూ రాయరు. రెండు దేశాల ఉద్యోగాలు నడుస్తున్నది మాత్రం ఆ చేతులమీదే.

అక్కడికెళ్ళాక వాళ్ళకు ఎదురయ్యే కష్టం వేరు. కాలు కదపాలంటే కారు కావాలి. కారు అల్లుడి దగ్గర ఉంటుంది. పొద్దున్న అందరూ వెళ్ళిపోతే సాయంత్రం దాకా ఇంట్లో ఫ్రిజ్జు చప్పుడు తప్ప మాట వినపడదు. పెద్ద మనవడు బడినుంచి వచ్చి ఇంగ్లీషులో గబగబా ఏదో చెప్పి గదిలోకి పోతాడు. అక్కడున్న పిల్లలు కాస్త ఆలోచిస్తే ఇది మారుతుంది. ఇల్లు వెతుక్కునేటప్పుడే నడిచి వెళ్ళగలిగేంత దూరంలో పార్కు, గ్రంథాలయం ఉన్నాయా అని చూడొచ్చు. చాలా ఊళ్ళల్లో సాయంత్రం పూట పార్కు బెంచీల దగ్గర తెలుగు తాతలూ అమ్మమ్మలూ చేరుతున్నారు. ఆ పరిచయం మొదటివారంలోనే చేయించాలి. 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి లాంటి చోట్ల పిల్లలు తెలుగు అక్షరాలు దిద్దుతున్నారు. వారానికొక రోజు నేర్చుకున్న ఆ అక్షరం మిగతా రోజుల్లో నోట్లో నానాలంటే ఇంట్లో తాత ఉండాలి. “తాతతో తెలుగులోనే అడగాలి, లేకపోతే ఆయనకు అర్థం కాదు” అన్న ఒక్క నియమం పెట్టండి చాలు. తాతకు ఇంగ్లీషు వచ్చినా రానట్టే ఉండాలి. ఆ మాత్రం నటన ఆయనకు చేతకాకపోదు.

ఇంతవరకూ పెద్దవాళ్ళకు పని ఇవ్వాలని చెప్పాను. దీనికి రెండో పక్క ఉంది. అది చెప్పకపోతే ఈ ప్రసంగం విని కొంతమంది అమ్మమ్మలు నన్ను తిడతారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగానికి పోతూ, పిల్లల్ని, వంటను, పనిమనిషిని, కొరియర్లను అన్నిటినీ అరవై ఎనిమిదేళ్ళ ఆవిడ నెత్తిన పెట్టి, “అమ్మకు కాలక్షేపం” అని చెప్పుకునే ఇళ్ళున్నాయి. అది వాటా ఇవ్వడం కాదు, జీతం లేని ఆయాను పెట్టుకోవడం. అడిగి అప్పగించడం వేరు, అంటగట్టడం వేరు. ‘ఈ వారం నావల్ల కాదు, నేను మా చెల్లెలింటికి వెళ్తున్నా’ అనే హక్కు ఆవిడకు ఉంటేనే ఆ పనిలో గౌరవం ఉంటుంది.

అలాగే, డెబ్భై ఏళ్ళకూ కూలికి పోయి నడుం వంచి కలుపు తీస్తున్న అవ్వ దగ్గరికెళ్ళి చురుకైన వృద్ధాప్యం గురించి చెప్తే ఏమంటుంది? “నాయనా, నేను ఎప్పుడు కూర్చుంటానో చెప్పు” అంటుంది. ఆవిడకు కావలసింది విశ్రాంతి. ఆ విశ్రాంతికి ఆధారం పింఛను. 2024 జులై నుంచి ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. తెలంగాణ ఆసరా పింఛనుగా ఇచ్చినది 2,016. పింఛను వచ్చిన రోజున ఆవిడ కొంగుముడిలో డబ్బుంటుంది. మనవరాలికి గాజులు కొనిపెడుతుంది. కోడలి గొంతులో మెత్తదనం వస్తుంది. ఇచ్చే చెయ్యి కావడంలో ఉన్న సుఖం ఆ నాలుగు నోట్లలో ఉంది.

భద్రత గురించి ఇంకో ముక్క. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ప్రకారం, చూడని పిల్లలమీద ఆర్డీవో నడిపే ట్రిబ్యునల్లో ఫిర్యాదు చేయవచ్చు. నెలకు పదివేల దాకా పోషణ ఖర్చు ఇప్పించవచ్చు. ఆస్తి రాసిచ్చేటప్పుడు ‘నన్ను చూసుకోవాలి’ అన్న షరతు పత్రంలో స్పష్టంగా రాయించండి. ఆ షరతు తప్పితే ఆ బదలాయింపునే రద్దు చేయించే వీలు 23వ సెక్షన్‌లో ఉంది. సలహాకూ సాయానికీ 14567 నంబరు ఉంది. ఇప్పుడు దేశమంతా పనిచేస్తున్న ఆ సేవ మొదట ప్రారంభమైంది మన హైదరాబాదులోనే. ఇవి తెలిసి ఉండటం మంచిది. అయితే చట్టం కంచంలో అన్నం పెట్టించగలదు గానీ కంచం పక్కన కూర్చుని కబుర్లు చెప్పించలేదు. అది ఇంట్లోవాళ్ళే చెయ్యాలి.

ఇప్పుడు పెద్దవాళ్ళతోనే నేరుగా రెండు మాటలు. అయ్యా, అమ్మా, కృష్ణా రామా అని మమ్మల్ని కూర్చోబెడుతున్నారని మీరనుకుంటున్నారు కదా. మనలో చాలామంది తమను తామే కూర్చోబెట్టుకుంటున్నారు. “అయిపోయిందండీ మా పని, ఇక ఎన్నాళ్ళు!” అన్న మాట రోజుకెన్నిసార్లు అంటున్నామో గమనించండి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఒక ఊళ్ళో యాభై దాటినవాళ్ళను ఏళ్ళ తరబడి గమనించిన సమాచారంతో బెక్కా లెవీ అనే పరిశోధకురాలు 2002లో ఒక సంగతి బయటపెట్టింది. ముసలితనం మీద మంచి అభిప్రాయం ఉన్నవాళ్ళు, చెడ్డ అభిప్రాయం ఉన్నవాళ్ళకంటే సగటున ఏడున్నర ఏళ్ళు ఎక్కువ బతికారు. ఆరోగ్యంలోని తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా నిలిచింది.

ఒళ్ళు సహకరించాలంటే ఒంటికి పని చెప్పాలి. 65 దాటినవాళ్ళు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు, ఒగర్చేంత కాకపోయినా ఒళ్ళు వెచ్చబడేంత శ్రమ చేయాలనీ, మూడు రోజులైనా పట్టు తప్పి పడిపోకుండా ఉండే వ్యాయామాలు చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. జిమ్ముకే పోనక్కర్లేదు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని ఒంటికాలిమీద నిలబడటం కూడా ఆ లెక్కలోకి వస్తాయి. మోకాళ్ళ సంగతి, గుండె సంగతి డాక్టరుతో మాట్లాడి మొదలుపెట్టండి.

చెవుల సంగతి మాత్రం దాచకండి. కళ్ళజోడు పెట్టుకోవడానికి సిగ్గుపడం, చెవి మిషను పెట్టుకోవడానికి ఎందుకో నామోషీ. వినపడనప్పుడు ఏం జరుగుతుందో చూడండి. అందరూ నవ్వితే పెద్దాయనా నవ్వుతాడు, ఎందుకో తెలియకుండా. రెండుసార్లు “ఏంటీ?” అని అడుగుతాడు. మూడోసారి “ఏం లేదులే నాన్నా” అని వదిలేస్తారు. అక్కడ మొదలవుతుంది ఒంటరితనం. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన కమిషన్ మతిమరుపు జబ్బుకు దారితీసే 14 కారణాలను, మనం సవరించుకోగలిగేవాటిని, జాబితా చేసింది. అందులో వినికిడి లోపం ఉంది, నలుగురికీ దూరమవడమూ ఉంది. అంటే చెవి మిషను ఆ ఒక్కడి చెవికే కాదు, మొత్తం ఇంటికి పెట్టుబడి. మిషను వచ్చేదాకా చిన్నవాళ్ళు అరవనక్కర్లేదు. టీవీ కట్టేసి, ఎదురుగా కూర్చుని, మొహం చూస్తూ నింపాదిగా మాట్లాడితే చాలు.

పెద్దవాళ్ళు వదులుకోవలసినవీ ఉన్నాయి. ముందు బీరువా తాళాలు. తాళంచెవులు బొడ్డున దోపుకుని, నలభై ఏళ్ళ కొడుకుని చిన్నపిల్లాడిలా చూస్తే వాడు మన చేతికి పని ఎందుకిస్తాడు? వాటా కావాలంటే వాటా ఇవ్వాలి. తర్వాత, “మా రోజుల్లో...” అని మొదలయ్యే వాక్యాలు. రోజుకొకటి చాలు. పాత సంగతి చెప్పకూడదని కాదు. పిల్లలు అడిగినప్పుడు చెబితే అది కథ, అడగకుండా చెబితే ఉపన్యాసం. వాళ్ళ ఉద్యోగం ఏమిటో, ఇంట్లో కూర్చుని రాత్రిపూట ఎవరితో మాట్లాడుతున్నారో, వాళ్ళు వింటున్న పాటలో ఏముందో మనమూ అడగాలి. మనకు తెలియనిది వాళ్ళకు తెలుసని ఒప్పుకున్న రోజున, వాళ్ళకు తెలియనిది మనల్ని అడగడానికి వాళ్ళకూ నోరొస్తుంది.

చివరగా, ఊరినుంచి దూరంగా ఉన్న కొడుకులకూ కూతుళ్ళకూ ఒక మాట. మీరు రోజూ ఇంటికి ఫోన్ చేస్తారు. రెండు ప్రశ్నలడుగుతారు. “తిన్నారా? మందులేసుకున్నారా?” అటునుంచి రెండు జవాబులొస్తాయి. తిన్నాం, వేసుకున్నాం. ఇంక మాట దొరకదు. ఆ రెండూ మానెయ్యమని చెప్పను. వాటికి మూడో ప్రశ్న ఒకటి కలపండి. ఆ ప్రశ్నకు జవాబు నిజంగా మీకు అవసరమైనదై ఉండాలి. ఇల్లు కొనడానికి వెళ్తున్నాం, కాగితాల్లో ముందేం చూడాలి? పిల్లాడికి రాత్రిళ్ళు దగ్గొస్తోంది, నాకు చిన్నప్పుడు వస్తే నువ్వేం చేసేదానివి? ఆఫీసులో ఒకడితో పడట్లేదు, నాన్నా, నీకు ఇలాంటివాడు తగిలితే ఎలా నెట్టుకొచ్చావు? జవాబు మీకు నచ్చాలనేం లేదు, పాటించాలనీ లేదు. దగ్గుకైతే డాక్టరు దగ్గరికీ వెళ్ళండి. కానీ విని, ఆలోచించి, వారం తర్వాత “నువ్వు చెప్పినదాంట్లో ఇది పనికొచ్చింది” అనో, “అది కుదర్లేదు, ఇలా చేశాం” అనో తిరిగి చెప్పండి. ఆ తిరిగి చెప్పడం మరిచిపోవద్దు. తమ మాట ఇంకా ఎక్కడో పనిచేస్తోందని అప్పుడే వాళ్ళకు తెలుస్తుంది.